ఒంటిపూట బడుల కాలం

ప్రతి ఏడాదీ ఫిబ్రవరి నెలాఖరు నుంచే మార్చి ఎనిమిది సభలకు పిలుపులు మొదలవుతాయి. మాట్లాడమని ఇచ్చే అంశం కొద్దిపాటి మాటల తేడాతో ఒకటే ఉంటుంది: 'ఇల్లు, ఉద్యోగం - మహిళల సమతౌల్యం'. మగవాళ్ల కోసం ఈ అంశం మీద సభ పెట్టినట్టు నేనెక్కడా వినలేదు. సమతౌల్యం అనగానే నాకు కళ్లముందు మెదిలేది తక్కెడ. ఒక పళ్లెంలో ఇల్లు, ఇంకో పళ్లెంలో ఉద్యోగం, పట్టుకున్న చెయ్యి ఆడదానిది. ఆ చెయ్యి లాగుతోందా అని గానీ, అసలు తక్కెడ ఆమె చేతికే ఎందుకొచ్చిందని గానీ ఎవరూ అడగరు. చెయ్యి వణక్కుండా ఉండటానికి మాత్రం చిట్కాలు చెబుతారు. తెల్లవారుజామున లేవమంటారు, ప్రాణాయామం చెయ్యమంటారు, మీకోసం మీరు కొంత సమయం మిగుల్చుకోమంటారు. ఆ సమయం ఎవరి దగ్గర్నుంచి తీసి మిగుల్చుకోవాలో చెప్పరు.

నిలకడ అనేది స్వభావానికి సంబంధించిన గుణమని మనకి చిన్నప్పట్నుంచీ నూరిపోశారు. ఓర్పున్న ఆడది నిలబడుతుంది, లేనిది తూలిపోతుంది అని. ఈ ఏడాది మార్చి నుంచి మే దాకా గడిచిన మూడు నెలల్నీ వెనక్కి తిరిగి చూసుకుంటే నాకు వేరే సంగతి అర్థమైంది. మనిషి నిలబడాలంటే కాళ్లకింద నేల ఉండాలి. ఆ నేలని ఎవరో కొన్ని గంటలు ఖర్చుపెట్టి తయారుచేస్తున్నారు. ఆ గంటలు ఎవరివి, వాటికి మనం పెట్టుకున్న పేరేమిటి అని అడక్కుండా నిలకడ గురించి మాట్లాడుకోవడం నాకిప్పుడు సాధ్యం కావడం లేదు.

ఈ మూడు నెలల కాలం గురించి కొంత చెప్పాలి. తెలంగాణలో మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి. పొద్దున ఎనిమిదింటికి తెరిచి పన్నెండున్నరకి వదిలేస్తారు. ఏప్రిల్ మూడో వారం దాటాక వేసవి సెలవులు, మళ్లీ జూన్ రెండో వారంలో బడి. ఎండల నుంచి పిల్లల్ని కాపాడుకోవడానికి ఈ ఏర్పాటు కావలసిందే. అయితే పన్నెండున్నరకి పిల్లలు ఇంటికొస్తే తలుపు తీసే మనిషి ఒకరు ఇంట్లో ఉంటారన్న నమ్మకం కూడా ఈ ఏర్పాటులోనే ఉంది. ఆ మనిషి ఎవరో ఏ ఉత్తర్వులోనూ రాయరు. రాయకపోయినా అందరికీ తెలుసు.

సరిగ్గా అదే మార్చి కాలేజీలకి సంవత్సరాంతం. సెమినార్లకి మంజూరైన డబ్బు మార్చి 31 లోగా ఖర్చు కావాలి కాబట్టి జాతీయ సదస్సులన్నీ ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే కుప్పపడతాయి. వాటి వెంట ఇంటర్నల్ మార్కులు, ప్రాజెక్టు వైవాలు, నాక్ ఫైళ్లు, దిద్దాల్సిన పేపర్ల కట్టలు. ఇంటివైపు చూస్తే ఉగాది, శ్రీరామనవమి, పెళ్లిళ్లు, ఆ తర్వాత మామిడికాయలు. ప్రభుత్వానికొక క్యాలెండరు, విశ్వవిద్యాలయానికొకటి, పంచాంగానికొకటి. దేని దారి దానిది. అవన్నీ వచ్చి కలుసుకునేది ఒక్క ఆడమనిషి ఒంట్లో.

నేను తెలుగు సాహిత్యంలో పిహెచ్‌డి చేసి ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పాఠాలు చెబుతున్నాను. పాఠం చెప్పిన గంటకే డబ్బు. సెలవుల్లో జీతం ఉండదు. ఈ ఏడాది మా విభాగం సదస్సుకి ఆహ్వానపత్రాల దగ్గర్నుంచి వ్యాసాల ప్రూఫుల దాకా 'కాస్త సాయం చెయ్యండి మేడమ్' అన్న మాటతో ఒక్కొక్కటే నా బల్ల మీదికి వచ్చాయి. మార్చి మొదటివారంలోనే మా అత్తయ్యకి కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. అప్పటిదాకా రెండో తరగతి చదివే మా అబ్బాయి బస్సు దిగేసరికి గేటు దగ్గర నిలబడేది ఆవిడే. ఇప్పుడు ఆవిడకే చూసుకునే మనిషి కావాలి. పొయ్యి సెగ తగలకూడదన్నారు, వంగి బరువులెత్తకూడదన్నారు, కంట్లో నీళ్లు పడకూడదన్నారు. చుక్కల మందు మొదటివారం రోజుకి ఆరుసార్లు, రెండోవారం ఐదుసార్లు, అలా వారానికొకటి చొప్పున తగ్గుతూ ఆరువారాలు. రెండు రకాల చుక్కలున్నప్పుడు మధ్యలో ఐదు నిమిషాల ఎడం.

నా సహచరుడు పని తప్పించుకునే మనిషి కాదు. "ఏం చెయ్యాలో చెప్తే చేస్తానుగా" అంటాడు, నిజంగానే చేస్తాడు. ఆ 'చెప్తే' అన్న మాట దగ్గరే నాకెప్పుడూ కాలు మడతపడుతుంది. ఎమ్మా అనే ఫ్రెంచి చిత్రకారిణి 2017లో ఈ ఒక్క మాట మీదే ఒక బొమ్మల కథ గీసింది. 'అడిగితే చేసేవాణ్ణి కదా' అనే భర్తకీ, అడగడమే ఒక పని అని తెలిసిన భార్యకీ మధ్య జరిగే కథ. ఆ కథ దేశదేశాల ఆడవాళ్లలోకి పాకింది. అలిసన్ డామింగర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2019లో ప్రచురించిన పరిశోధనలో ఈ పనిని నాలుగు భాగాలుగా విడదీసి చూపించింది: అవసరాన్ని ముందే పసిగట్టడం, తీర్చే మార్గాలు వెతకడం, ఏదో ఒకటి నిర్ణయించడం, ఆ తర్వాత సరిగ్గా జరుగుతోందో లేదో కనిపెట్టుకుని ఉండటం. నిర్ణయించేటప్పుడు మగవాళ్లు పక్కనుంటారనీ, మొదటిదీ చివరిదీ ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడతాయనీ ఆమె గమనించింది. చుక్కలు వెయ్యడం ఒక నిమిషం పని. సీసా ఎప్పుడు అయిపోతుంది, వారం మారితే ఎన్నిసార్లు తగ్గించాలి, మళ్లీ డాక్టరు దగ్గరికి ఏ రోజు వెళ్లాలి అన్న ధ్యాస మాత్రం ఇరవై నాలుగ్గంటలూ నడుస్తుంది.

అందుకని ఈసారి చుక్కలు వెయ్యడాన్ని పంచుకోలేదు. కన్ను మొత్తాన్నీ అతనికి అప్పగించాను. మందు కొనడం, వారాల లెక్క, డాక్టరు తేదీ, తను ఆఫీసులో ఉన్నప్పుడు పగటి విడత ఎవరు వేస్తారో మాట్లాడి పెట్టడం, అన్నీ అతనివే. మొదటివారం అతను సెలవు పెట్టాడు. నాకున్న షరతు ఒక్కటే, నేను గుర్తు చెయ్యను. అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడింది అత్తయ్య. "ఆఫీసు నించి అలిసొచ్చినవాడికి ఇదేం పనమ్మా, నువ్వెయ్యకూడదూ?" అంది రెండు మూడు సార్లు. నేనూ కాలేజీ నించి అలిసే వచ్చానని అనలేదు. ఆవిడ తన నలభై ఏళ్ల సంసారంలో అలా ఎవరితోనూ అని ఉండదు. మూడోవారానికి మాత్రం "వాడి చెయ్యే తేలిగ్గా ఉంది, నువ్వైతే కంట్లో పొడిచేట్టు వేస్తావు" అంది. అంతకుమించిన మెచ్చుకోలు ఆ కాలంలో నాకెక్కడా దొరకలేదు.

మన దేశంలో ఎవరు ఏ పనికి ఎంత కాలం వెచ్చిస్తున్నారో జాతీయ గణాంక కార్యాలయం 2019లో ఒకసారి, 2024లో ఒకసారి లెక్కగట్టింది. ఆరేళ్లు పైబడినవాళ్లలో ఆ రోజు ఇంటిపని చేసినవాళ్లనే తీసుకుంటే, 2019లో ఆడవాళ్లు సగటున 299 నిమిషాలు చేశారు, మగవాళ్లు 97 నిమిషాలు. అసలు చెయ్యి పెట్టిన మగవాళ్లే నూటికి 26 మంది, ఆడవాళ్లు 81 మంది. 2024కి వచ్చేసరికి ఆడవాళ్ల లెక్క 289 నిమిషాలకి తగ్గింది. ఆ పది నిమిషాలూ మగవాళ్లు అందుకున్నారేమో అని చూస్తే వాళ్ల లెక్క కూడా 88కి దిగింది. ఈ సర్వేల్లో రోజుని అరగంట చొప్పున ముక్కలు చేసి ఏ ముక్కలో ఏం చేశారని అడుగుతారు. కాలేజీలో అలంకార శాస్త్రం పాఠం చెబుతూ చెబుతూ ఇంట్లో చుక్కల సీసా అయిపోయిందేమో అని తట్టిన క్షణం ఏ అరగంటలోనూ పడదు. ఐదు గంటలకు దగ్గరగా ఉన్న ఆ అంకె కూడా తక్కువ లెక్కే అన్నమాట.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథని నేను ఏటా పిల్లలకి పాఠంగా చెబుతాను. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోయిన ఇల్లాలి కథ. తెలిసినవాళ్లందరినీ అడుగుతూ పోతుంది. చివరికి చిన్ననాటి స్నేహితురాలు శారదా అని పిలిస్తే గాని గుర్తురాదు. ఇన్నాళ్లూ దీన్ని మరుపు కథగానే చెబుతూ వచ్చాను. ఈ ఏడు క్లాసులో చెబుతుంటే ఇది జ్ఞాపకం కథగా కూడా తోచింది. ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో, ఎవరికి ఎప్పుడేం కావాలో అన్నీ ఆమెకే గుర్తుండాలి. ఇంతమంది జ్ఞాపకాల్ని ఒక్కతే మోస్తున్నప్పుడు తన పేరు పెట్టుకోవడానికి చోటెక్కడుంటుంది? ఒక అమ్మాయి లేచి "మా అమ్మ మా అందరి ఆధార్ నంబర్లూ చూడకుండా చెబుతుంది మేడమ్" అంది. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు.

ఇక పన్నెండున్నర సంగతి. మా ఇంట్లో పనిచేసే ఆమె పాలమూరు నుంచి వలస వచ్చింది. పొద్దున మూడిళ్లలో పని చేస్తుంది. మా అబ్బాయి బస్సు దిగినప్పట్నుంచి నేను ఇంటికి చేరే మూడున్నర దాకా ఆమె ఉండగలిగితే బావుంటుందని అనుకున్నాం. అత్తయ్యే ముందు కదిపింది. "ఈ రెండు నెలలూ కాస్త సాయంగా ఉండమ్మా" అని. ఆమె నవ్వి అన్న మాట ఇది: "సాయమంటే పైసలియ్యరమ్మా. పనంటే ఇస్తరు. పనని చెప్పుండ్రి, చేస్త."

స్త్రీవాద సాహిత్యంలో అదృశ్య శ్రమ గురించి మనం పుటల కొద్దీ రాసుకున్నాం. దాన్ని ఇంత సూటిగా చెప్పిన వాక్యం నాకు గుర్తులేదు. భర్త ఇంటిపని చేస్తే అది భార్యకి సాయం. కోడలు చేస్తే అత్తకి సాయం. గెస్ట్ లెక్చరర్ ప్రూఫులు దిద్దితే విభాగానికి సాయం. సాయం అనగానే దానికి గంటలుండవు, హద్దుండదు, జీతముండదు. ఒకవేళ చెయ్యకపోతే మంచితనం లేనట్టు. పని అనగానే ఎన్ని గంటలు, ఎంత డబ్బు, ఎవరి బాధ్యత అన్న ప్రశ్నలు వరసగా వస్తాయి.

ఆ రోజు సాయంత్రమే కూర్చుని గంటల లెక్కన ఒప్పందం రాసుకున్నాం. గంటల లెక్క నాకు కొత్త కాదు కదా. ఆ డబ్బు ఎక్కణ్ణించి వెళ్లాలన్న మాట వచ్చినప్పుడు మా బంధువొకాయన "నీ జీతమంతా ఆమెకే సరిపోతుందేమో" అన్నాడు. పిల్లవాణ్ణి చూసే ఖర్చుని ఎప్పుడూ తల్లి జీతంలోంచే ఎందుకు తీసివేస్తారో! కరెంటు బిల్లు ఎవరి జీతంలోంచి కడుతున్నామని ఎవరూ అడగరు. మేం దాన్ని ఇంటిఖర్చుగానే రాసుకున్నాం.

ఒప్పందం ముగిశాక ఆమె తన కష్టం చెప్పింది. ఆమె కూతురు ప్రభుత్వ హైస్కూల్లో ఏడో తరగతి. ఆ బడి పదో తరగతి పరీక్షలకి కేంద్రం. పరీక్షలు పొద్దున జరుగుతాయి కాబట్టి అలాంటి బళ్లలో మిగతా పిల్లలకి ఒంటిపూట బడి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదింటి దాకా పెడతారు. "పొద్దుగాల నుంచి గదిల ఒక్కతే ఉంటదక్కా. ఎదిగే పిల్ల. నేను మూడిండ్లల్ల తిరుగుతుంటా, పానమంతా దాని మీదనే ఉంటది" అంది. అంటే ఒంటిపూట బడి మా అబ్బాయిని మధ్యాహ్నం ఇంటికి పంపుతోంది, ఆమె కూతుర్ని పొద్దున ఇంట్లో వదిలేస్తోంది. నగరం ఒకటే, ఎండ ఒకటే, తల్లుల గడియారాలు మాత్రం ఎదురుబొదురుగా తిరుగుతున్నాయి. పొద్దున పూట ఆ అమ్మాయిని మా ఇంటికి తీసుకొచ్చి కూర్చోబెట్టమన్నాం. పన్నెండింటికి స్నేహితురాళ్లతో కలిసి రెండు వీధుల అవతల ఉన్న బడికి వెళ్తుంది, అక్కడే మధ్యాహ్న భోజనం.

దానికి ఆమె వెంటనే ఒప్పుకోలేదు. మర్నాడు వచ్చి చెప్పింది. "నా బిడ్డ మీ ఇంట్ల కూసుంటది, చదువుకుంటది. దానితోని ఒక్క గిలాస గూడ కడిగియ్యద్దు. పరీక్షలైపోయి బడి మల్ల పొద్దటికి మారినంక, పగటీలి వచ్చి నాతోని కూసుంటది. అప్పుడు గూడ మీ బాబును చూడమనొద్దు."

ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 2000లో సంరక్షణ గొలుసు అన్న భావనని ప్రతిపాదించింది. సంపన్న దేశంలో ఒక తల్లి ఉద్యోగానికి వెళ్తుంది, ఆమె పిల్లల్ని వలస వచ్చిన ఇంకో తల్లి చూస్తుంది, ఈమె పిల్లల్ని స్వదేశంలో ఇంకా పేద తల్లి చూస్తుంది, ఆ పేద తల్లి పిల్లల్ని చూసేది వాళ్ల పెద్దకూతురు. గొలుసు చివర ఎప్పుడూ ఒక ఆడపిల్ల ఉంటుంది. నేను ఈ సిద్ధాంతాన్ని చదువుకున్నదాన్ని. పాలమూరు తల్లి చదవలేదు. కానీ ఆ గొలుసు తన కూతురి దాకా రాకుండా ఎక్కడ తెంపాలో ఆమెకి తెలుసు. పన్నెండేళ్ల పిల్ల, ఏడేళ్ల పిల్లాడు, ఇద్దరూ ఒకే గదిలో ఉంటే 'కాస్త బాబుని చూస్తుండమ్మా' అన్న మాట ఎంత సులువుగా వస్తుంది! అదీ సాయమే కదా.

వర్జీనియా వుల్ఫ్ 1928లో కేంబ్రిడ్జి ఆడపిల్లల కాలేజీల్లో చేసిన ప్రసంగాలే మరుసటి ఏడాది 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' అయ్యాయి. రాసుకునే స్త్రీకి ఏడాదికి ఐదు వందల పౌండ్లూ తనదైన గదీ కావాలన్న ఆ పుస్తకం మనలో చాలామందికి మొదటి ధైర్యం. వుల్ఫ్ ఇంట్లో 1916 నుంచి 1934 దాకా వంట చేసిన నెల్లీ బాక్సల్ గురించి అలిసన్ లైట్ 2007లో తెచ్చిన 'మిసెస్ వుల్ఫ్ అండ్ ది సర్వెంట్స్' అనే పుస్తకం వల్ల నాకు తెలిసింది. వాళ్లిద్దరి మధ్యా ఏళ్ల తరబడి పేచీలు, అలకలు, మళ్లీ రాజీలు. వుల్ఫ్ మాట విలువ దీనివల్ల తగ్గదు. కాకపోతే ఆ గదికి కింద ఒక వంటిల్లుందని, అక్కడొక స్త్రీ నిలబడి ఉందని గుర్తుపెట్టుకుని చదవాలి. మన దగ్గర ఆ వంటింట్లోంచే ఒకామె రాసింది. గుర్‌గావ్‌లో ఇళ్లలో పనిచేసిన బేబీ హల్దార్ జీవితకథ 2002లో 'ఆలో ఆంధారి' పేరుతో హిందీలో వచ్చింది. ఆమె చేతికి కలం, నోటుపుస్తకం ఇచ్చింది ఆమె పనిచేసిన ఇంటి యజమాని ప్రబోధ్ కుమార్. పని ముగించి, పిల్లల్ని పడుకోబెట్టి రాసేది. తనదైన గది లేకుండానే రాసింది కదా అని ఈ ఉదాహరణని మనకి అనుకూలంగా మలుచుకోకూడదు. నిద్ర మానుకుని రాయాల్సి రావడం ఎవరికీ ఆదర్శం కాదు. అబ్బూరి ఛాయాదేవి గారి 'సుఖాంతం'లో ఇల్లాలు కోరుకున్నది కంటినిండా నిద్ర, అంతే. ఆ కథ చదివిన ఏ స్త్రీకీ వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

నాకు గది లేదు గాని మెట్రో ఉంది. వెళ్లేటప్పుడు నలభై నిమిషాలు, వచ్చేటప్పుడు నలభై నిమిషాలు. వెళ్లే నలభై నిమిషాల్లో ఎవరికీ బదులివ్వనని చెప్పి పెట్టుకున్నాను. వచ్చేటప్పుడు అందరికీ ఇస్తాను. ఆ సమయంలో ఈ మూడు నెలలూ నేను చదివింది కనుపర్తి వరలక్ష్మమ్మ గారి 'శారద లేఖలు'. నా పుస్తకంలో ఒక అధ్యాయం వాటి మీదే. కె.ఎన్. కేసరి 1928లో మొదలుపెట్టిన గృహలక్ష్మి పత్రికలో ఆవిడ ఈ లేఖలు ఏళ్లపాటు రాశారు. శారద తన స్నేహితురాలు కల్పలతకి రాసే ఉత్తరాల్లో శారదా చట్టం లాంటి ఆనాటి గొడవలన్నీ వస్తాయి. పాత సంచికలు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞానకేంద్రం లాంటి గ్రంథాలయాల్లో కూర్చుని చూడాలి. ఈ కాలంలో అక్కడికి వెళ్లే వీలు లేక, అంతకుముందు రాసుకున్న నోట్సే మెట్రోలో తిరగేశాను.

అలా ముక్కలు ముక్కలుగా చదువుతుంటేనే నాకొక ఆలోచన వచ్చింది. ఉత్తరం అనే ప్రక్రియ ఆపి మళ్లీ అందుకోవడానికి ఒప్పుకుంటుంది. పొయ్యి మీద ఎసరు పొంగితే లేచి వెళ్లొచ్చు, తిరిగొచ్చాక 'ఏమి చెప్పుచుంటిని' అని మొదలుపెట్టినా ఎవరూ తప్పుపట్టరు. ఆనాటి స్త్రీలు ఉత్తరాన్నీ చిన్నకథనీ ఎక్కువగా ఎందుకు పట్టుకున్నారన్న ప్రశ్నకి ఇప్పటిదాకా పత్రికల అవసరాల వైపు నుంచే జవాబు వెతికాను. రచయిత్రి రోజులో ఎంత పొడుగు ముక్క అంతరాయం లేకుండా దొరుకుతుందన్న వైపు నుంచి కూడా వెతకాలి. వరలక్ష్మమ్మ గారి శారద, సత్యవతి గారి శారద ఒక పేరు వాళ్లే. ఒకామె ప్రతి ఉత్తరం కిందా తన పేరు రాసుకుంది, ఇంకొకామె మర్చిపోయింది. వీళ్లిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఆ అధ్యాయం మొదలుపెట్టాలని రాసిపెట్టుకున్నాను.

పాలమూరు తల్లి చెప్పిన పాఠాన్ని కాలేజీలో కూడా వాడాను. సదస్సు పని ఏ గంటల కింద చూపించమంటారని అడిగాను. అలాంటి వీలు లేదన్నారు. అయితే వ్యాసాల సంకలనానికి సంపాదకుల్లో నా పేరు వేస్తేనే ప్రూఫులు దిద్దుతాననీ, భోజనాల జాబితా, శాలువాలు, జ్ఞాపికలు చూసుకోలేననీ చెప్పాను. పేరు వేశారు. జ్ఞాపికలు ఇంకో గెస్ట్ లెక్చరర్ నెత్తిన పడ్డాయి, ఆమె నాకంటే చిన్నది. ఆమెకి ఈ మాటలన్నీ చెప్పాను. "మీకు పిహెచ్‌డి ఉంది అక్కా, అడగగలరు" అంది. వచ్చే ఏడాది రెన్యువల్ జాబితాలో మా ఇద్దరి పేర్లూ ఉంటాయో లేదో ఇంకా తెలియదు. అడిగే ధైర్యానికి కూడా కింద ఏదో ఒక నేల ఉండాలని ఆమె అలా గుర్తుచేసింది.

మేలో మామిడికాయల దగ్గరికి వచ్చాం. ఆరువారాల చుక్కలు అయిపోయినా ఆవపిండి, కారం ఎగిరే చోట కూర్చోవద్దని డాక్టరు అత్తయ్యకి చెప్పారు. ఈ ఏటికి కొనుక్కుందామని నేనన్నాను. ఆవిడ మాట్లాడలేదు. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కృష్ణాజిల్లా నుంచి ఆవిడ తెచ్చుకున్న వాటిలో ఇక్కడ చెల్లుబాటైంది ఆ చేతివాటం ఒక్కటే. ఊరు, ఇరుగుపొరుగు, ఇంటి పెత్తనం అన్నీ పోయాయి. వంటింటి చాకిరీ అని మనం ఒక్క మాటలో కొట్టిపారేసే దాంట్లో ఒక స్త్రీ నిలబడే నేల కూడా ఉండొచ్చు. చివరికి పదిహేను కాయలే తెచ్చాం. హాల్లో నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని ఆవిడ చెబుతుంటే, వంటింట్లో ఆవిడ కొడుకు ముక్కలు తుడిచి ఆరబెట్టి, కారం, ఉప్పు, ఆవపిండి కలిపి పప్పునూనె పోశాడు. "గుప్పెడు అంటే ఎంతమ్మా, గ్రాముల్లో చెప్పు" అని అతను విసిగిస్తే, ఆవిడ వచ్చినంతవరకు కొలతలు చెప్పింది. అతను రాసి పెట్టాడు. మూడోరోజు తిరగకలిపి రుచి చూసి ఉప్పు తక్కువంది. ఆ కాగితం మీద ఉప్పు అంకె కొట్టేసి మళ్లీ రాశారు. దాని కింద ఎవరి పేరు రాయాలని మా అబ్బాయి అడిగితే, నానమ్మ పేరు రాయించాను.

ఇప్పుడు వేసవి సెలవులు. బళ్లు లేవు, మధ్యాహ్న భోజనం లేదు, నాకు జీతం లేదు. పాలమూరు తల్లి కూతుర్ని తీసుకుని పదిహేను రోజులు ఊరికి వెళ్లొచ్చింది. ఆ పదిహేను రోజుల డబ్బూ ఒప్పందంలో ఉంది కాబట్టి ఇచ్చాం. ఇంట్లో పని మేం ముగ్గురం పంచుకున్నాం, కొన్ని రోజులు ఎవరూ ఏదీ సరిగా చెయ్యలేదు. నా అధ్యాయం సగంలో ఉంది. జూన్లో ఆ అమ్మాయి ఎనిమిదో తరగతిలోకి వెళ్తుంది. వచ్చే మార్చికి ఆ బడి మళ్లీ పరీక్షా కేంద్రమే అవుతుందట, అప్పటికేం చేద్దామని వాళ్లమ్మ ఇప్పట్నుంచే అడుగుతోంది. ఆదివారం పొద్దున ఆమె వస్తానంది. నా టైంటేబులు, ఆమె మూడిళ్ల వేళలు, పిల్లలిద్దరి బళ్లు ఒక కాగితం మీద వేసి చూడాలి.